ఆదివారం పశువులు

కోకడాపార ఊరి నుంచి రైల్వే నోటీసు ఒకటి చేత్తో పట్టుకుని, చిన్న బండి దిగి, రాయపూర్ స్టేషన్‌లో నేను నిలబడ్డ దగ్గర పోయినవారం ఆగాం. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో మళ్ళీ చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా పేరు రత్నకుమారి. పుట్టింది నర్సాపురం, పెళ్ళయిన దగ్గర్నుంచీ రాయపూర్‌లో మిషన్ ఆసుపత్రి నర్సుని. మా ఆయన జ్ఞానప్రకాశం గారు రైల్వే గార్డు. రాయపూర్ నుంచి అడవి వైపు వెళ్ళే చిన్న లైను మీద ఇరవై ఎనిమిదేళ్ళుగా పచ్చజెండా ఊపుతున్నారు. ఇంకో ఎనిమిది నెలల్లో, అంటే ఎనభై అయిదు ఫిబ్రవరిలో, రిటైరవుతారు. మాకు ఒక్కడే కొడుకు, జోసెఫ్. ఇరవై రెండేళ్ళు. మూడు నెలల కిందట వాడూ అదే లైనులో గార్డుగా చేరాడు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

శుక్రవారం నాడు నేను పిల్లలకు టీకాలు వేయడానికి కోకడాపార వెళ్ళాను. ఆ ఊరి పక్కన, నలభై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర, పట్టాలను ఆనుకుని ఒక వాగు ఉంది. వాగుకు రెండు పక్కలా తెల్లమద్ది చెట్లు. ఏటా మొదటి మబ్బు కనపడగానే నత్తగుల్ల కొంగలు వందలకొద్దీ వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కడతాయి. అవి వచ్చాకే ఆ ఊళ్ళో నాగళ్ళు బయటికి తీస్తారు. రాయపూర్ జనం ఆదివారం పిక్నిక్ అని బయల్దేరితే వెళ్ళేది కూడా అక్కడికే. ఈసారి ప్రతి చెట్టు మొదలు మీదా సున్నంతో నెంబరు వేసి ఉంది. మొత్తం ముప్పై నాలుగు. ఇక్కడ పశువులు తరచుగా పట్టాలెక్కుతున్నాయి కాబట్టి, డ్రైవరుకు దూరం నుంచి కనపడేలా చెట్లు కొట్టేస్తామని నోటీసు. సోమవారం పొద్దున్నే పని మొదలు.

"కోకడా మన్ కహాఁ జాహీ, బాయీ?" అని బిసాహిన్ అనే ముసలామె నన్ను నిలదీసింది. కొంగలు ఎక్కడికి పోతాయమ్మా అని. పశువులు పట్టాలెక్కితే ఒక్క దూడయినా బండి కింద పడి ఉండాలి కదా, మా ఊళ్ళో ఇంతవరకూ ఒక్కటీ పోలేదంది. ఆదివారమైతే మీ పట్నం జనానికి జడిసి అసలు అటు తోలనే తోలం అని కూడా అంది. నేను గార్డు పెళ్ళాన్నని ఆమెకు తెలుసు. జవాబు నా దగ్గర ఉంటుందనుకుంది. తలొంచుకుని పక్క స్టేషన్ దాకా నడిచి బండెక్కాను.

ఇక ఈ వారం సంగతి.

శనివారం మా ఆయనకు సెలవు. పొద్దున్నే చేపల కోసం బజారుకెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే నేను బీరువా కింది సొరుగు లాగాను. మా ఆయన సంగతి మీకు తెలిసిందే, చొక్కా గుండీ ఊడితే ఏ తేదీన ఊడిందో రాసిపెట్టుకునే మనిషి. గార్డన్నవాడు ప్రతి ట్రిప్పుకూ జర్నల్ రాయాలి. బండి ఎక్కడ ఆగింది, ఎన్ని నిమిషాలు ఆగింది, ఎందుకు ఆగింది. అసలు కాగితం ఆఫీసుకు పోతుంది, కార్బన్ కాపీ ఈయన ఇంటికి తెచ్చుకుంటారు. ఎందుకండీ ఈ చెత్తంతా అంటే "రేపు ఎవరైనా అడిగితే?" అంటారు. ఇన్నేళ్ళలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడగడానికి నేను మిగిలాను.

కట్టలు విప్పి మంచం మీద పరిచాను. నలభై ఒకటో కిలోమీటరు. నాలుగు నిమిషాలు. కారణం: పట్టాల మీద పశువులు. ఇంకో కాగితం తీశాను, అదే కిలోమీటరు, అవే నాలుగు నిమిషాలు, అవే పశువులు. పొద్దున వెళ్ళేటప్పుడు ఒకసారి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఒకసారి. నర్సు ఉద్యోగం చేసినవాళ్ళకు తేదీలు చూడటం ఒక రోగం. పాత క్యాలెండర్లు తీసి ఒక్కొక్క తేదీ సరిచూశాను. అన్నీ ఆదివారాలే. ఒక్క సోమవారం లేదు, ఒక్క గురువారం లేదు. ఆరు రోజులు బుద్ధిగా మేత మేసి ఏడో రోజు సరిగ్గా పదకొండూ ఇరవైకి పట్టాలెక్కే పశువులు ఈ భూమ్మీద ఎక్కడున్నాయండీ? మా చర్చిలో మనుషులకే అంత నియమం లేదు!

ఆయన చేపల సంచితో లోపలికి వచ్చేసరికి నేను ఆ కాగితాల మధ్యనే కూర్చుని ఉన్నాను.

"ఏమండీ, కోకడాపార పశువులకు క్యాలెండరు ఎవరు కొనిచ్చారు?" అన్నాను.

ఆయన సంచి కింద పెట్టలేదు. కాగితాల వంక చూశారు, నా వంక చూశారు. "అవెందుకు తీశావు రత్నం?" అన్నారు, మెల్లగా.

నోటీసు చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు. సంచి అప్పుడు కింద పెట్టారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మూడోసారి చదివారు. ఆ మొహం చూస్తే నాకు ఒకటి అర్థమైంది. చెట్ల సంగతి ఆయనకు తెలియదు.

"నా జర్నల్ చూసి..." అన్నారు.

"మీ జర్నల్ చూసే! ఇంకెవరి జర్నల్ చూస్తారు? ఆ లైనులో ఇంకే గార్డుకూ కనపడని పశువులు మీకే కనపడుతున్నాయిగా. పిక్నిక్ జనం కోసం అక్కడ ఆపడానికి పర్మిషన్ ఉందని ఊరందరికీ చెప్పారు. నాకూ అదే చెప్పారు."

"అడిగితే ఇవ్వరు రత్నం. అక్కడ హాల్టు లేదు, ప్లాట్‌ఫారం లేదు. బండి ఊరికే ఆపకూడదు, కారణం రాయాలి. పశువులని రాస్తే ఎవరూ నోరెత్తరు. ఒకసారి రాశాను. తర్వాత అదే అలవాటైపోయింది."

"ఒకసారంటే ఎప్పుడు?"

ఆయన చూపు నా చేతి మీదికి వెళ్ళింది. నా చేతికింద అన్నిటికన్నా పాత కాగితం ఉంది. పసుపుపచ్చగా మారి అంచులు రాలిపోతోంది. పందొమ్మిది వందల అరవై ఒకటి, జూలై పదహారు. ఆ తేదీ నాకు ఏ క్యాలెండరూ చూడకుండా తెలుసు.

ఇది మీకు ఇంతవరకూ చెప్పలేదు, చెప్పే రోజు వస్తుందని అనుకోలేదు. జోసెఫ్ కన్నా ముందు మాకొక ఆడపిల్ల. పేరు గ్రేస్. ఎనిమిది నెలలకు జ్వరం తగిలి, నేను పనిచేసే వార్డులోనే, నా చేతుల్లోనే పోయింది. ఊళ్ళో పిల్లలందరికీ మందులిచ్చేదాన్ని, నా పిల్లను దక్కించుకోలేకపోయాను. నాకు ఏడుపు రాలేదు. మాట రాలేదు. నలభై రోజులు అన్నం పెడితే తిన్నాను, పెట్టకపోతే లేదు. మా ఆయనకు ఏం చెయ్యాలో తోచక, ఆ ఆదివారం రూలుకు విరుద్ధంగా నన్ను గార్డు డబ్బాలో కూర్చోబెట్టుకుని డ్యూటీకి తీసుకెళ్ళారు. ఇంట్లో ఒంటరిగా వదలడానికి భయపడ్డారు, అంతే.

నలభై ఒకటో కిలోమీటరు దగ్గర చెట్లన్నీ తెల్లగా కనిపించాయి. గూళ్ళు, గూళ్ళ నిండా పిల్లలు, ముక్కులు టకటకలాడిస్తూ తల్లులు. బండి ఆగింది. పట్టాల మీద ఆవులు అడ్డమొచ్చాయన్నారు. నాలుగు నిమిషాలు నేను కిటికీలోంచి ఆ పక్షిపిల్లల్ని చూశాను. అక్కడ ఏడుపొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చి, ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా చేత్తో పొయ్యి వెలిగించాను.

దేవుడు నా కోసం ఆవుల్ని పంపాడని నమ్మాను. ఆ ఏడు కోతపండుగకు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. ఆ ఒక్క ఏడే కాదు, ప్రతి ఏడూ చెప్పాను. ఆవుల్ని పంపిన దేవుడికి స్తోత్రం అని. నేను సాక్ష్యం చెబుతున్నంతసేపూ మా ఆయన తలొంచుకుని కూర్చునేవారు. ఎంత వినయమో అనుకునేదాన్ని!

"ఆ మొదటి రోజు కూడా ఆవులు లేవా?" అన్నాను.

"లేవు."

"మరి ఎందుకాగింది బండి?"

"నువ్వు 'ఎన్ని పిల్లలో!' అన్నావు." ఆయన ఆ పాత కాగితం చేతిలోకి తీసుకున్నారు. "నలభై రోజుల తర్వాత మొదటి మాట. బండి స్పీడు మీదుంది. ఆ చెట్లు దాటిపోతే నువ్వు మళ్ళీ మాట్లాడవేమోనని భయమేసింది. ఎర్రజెండా చూపించేశాను. డ్రైవరు పరదేశి పరిగెత్తుకొచ్చి క్యా హువా గార్డ్ సాబ్ అన్నాడు. ముందు పట్టాలు ఖాళీ అని అతనికీ తెలుసు, అయినా ఏదో ఒకటి చెప్పాలిగా. ఆవులొచ్చాయని, గాయ్ ఆ గయీ అన్నాను. నువ్వు విన్నావు."

"ఇరవై మూడేళ్ళ నుంచి నా చేత చర్చిలో అబద్ధం చెప్పించారన్నమాట."

"నీకది అబద్ధం కాదుగా. అది చెప్పినప్పుడల్లా నీ మొహం ఎట్లా ఉండేదో నీకు తెలీదు. కాదని నేనెట్లా చెప్పను?"

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. నా కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టి బండి ఆపిన మనిషి ఇన్నేళ్ళూ ఆ మాట దాచుకుని, నా పొగడ్తలన్నీ లేని ఆవులకు వదిలేసి, పక్కన కూర్చుని ఆమెన్ అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. చేపల వాసన వేస్తోంది. అయినా వదల్లేదు.

తర్వాత మెల్లగా తెలిసొచ్చింది, తప్పు ఆయనొక్కడిదే కాదని. నా సాక్ష్యం విని మా స్త్రీల సమాజం వాళ్ళు ఆ చోటు మేమూ చూడాలన్నారు. మొదటిసారి తొమ్మిదిమందిమి వెళ్ళాం, టిఫిన్ క్యారియర్లతో. మా ఆయన బండి ఆపారు. పై నెలకు రైల్వే కాలనీ అంతా కదిలింది. జనం ఎక్కువయ్యారని ఆదివారం బండికి ఒక పెట్టె తగిలించారు. పెట్టె ఖాళీగా ఉందని పండరీ బజారు బట్టల షాపుల కుటుంబాలు ఎక్కాయి. వాళ్ళెక్కారని ఇంకో రెండు పెట్టెలు తగిలించారు. ఈ మధ్య ఉర్లా ఫ్యాక్టరీల వాళ్ళు లౌడ్‌స్పీకరు కూడా మోసుకొస్తున్నారు. మొదట విస్తరాకులు మిగిలేవి, ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు మిగులుతున్నాయి. వాగు నీళ్ళు తాగడం కోకడాపార వాళ్ళు ఎప్పుడో మానేశారు. కొంగలు పట్టాల పక్క చెట్లు వదిలి అవతలి చెట్లకు జరిగాయి. నేను చూస్తూనే ఉన్నాను. చూసి కూడా, మేం వెళ్ళేది దేవుడి పని మీద అన్నట్టు చాప పరుచుకుని పులిహోర వడ్డించాను.

మధ్యాహ్నం జోసెఫ్ భోజనానికి వచ్చాడు. వాడికి ఆ వారమంతా స్పేర్ డ్యూటీ. అంటే ఏ గార్డుకైనా ఒంట్లో బాగోకపోతే ఆ బండి వీడెక్కాలి. కంచం ముందు కూర్చోబెట్టి అంతా చెప్పాను. చేప ముల్లు తీసుకుంటూ వాడు వింటూ పోయాడు. చెట్లు ఆగాలంటే ఒకటే దారి, పశువులు లేవని నేనే రాసివ్వాలి అని మా ఆయన అనగానే తల పైకెత్తాడు.

"డాడీ, రాయొద్దు."

"మరి చెట్లో?"

"నాకు చెట్లంటే ప్రేమ లేదా? ఆ వాగులోనే ఈత నేర్చుకున్నాను. కానీ మీరు రాసిస్తే చార్జిషీటు ఇస్తారు. ఎనిమిది నెలలు డాడీ! పింఛను ఆపేస్తారు, క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు. నేనింకా పర్మినెంటు కాలేదు. అబద్ధాల గార్డు కొడుకని నన్నూ పీకేస్తే?"

"నోరు ముయ్యరా! అబద్ధాల గార్డేంటి?" అని నేను లేచాను.

"నేనంటున్నానా అమ్మా? ఆఫీసువాళ్ళు అంటారు. నాకది వినే ఓపిక లేదు." వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్నం సగంలో వదిలి చెయ్యి కడిగేసుకున్నాడు. వాడు అన్నదాంట్లో తప్పు వెతికాను. కనపడలేదు.

నాలుగింటికి గురునాథం వచ్చాడు. విజయనగరం మనిషి, పట్టాలు చూసుకునే ఇన్‌స్పెక్టరు, మా ఆయనకు తమ్ముడి లెక్క. ప్రతి శనివారం మా ఇంట్లో టీ తాగందే అతనికి పొద్దుపోదు. చెట్లు కొట్టాలని పైకి రాసింది అతనేనని టీ కప్పు చేతికిచ్చాక తెలిసింది.

"నానే రాసేను వదినా. ఎక్కడ బళ్ళు ఎక్కువ ఆగిపోతన్నాయో లిస్టు పంపమన్నారు. చూస్తే మన అన్న బండే ఫస్టు! ఆదివారం సంత ఉంటాది కావాల, పశువులొస్తన్నాయి అనుకున్నాను. అన్నకి కష్టం తీరతాదని సంతోషంగా రాసేను."

మా ఆయన ఒక్క మాటలో చెప్పేశారు, పశువులు లేవని. గురునాథం టీ సాసర్లో ఒలికింది.

"ఏటన్నా ఇది!" అని కప్పు కింద పెట్టాడు. తర్వాత మా ఆయన మోకాలు మీద చెయ్యి వేశాడు. "నాకు చెప్పనట్టే ఉండు. నానూ వినలేదు. చెట్లే కదా, పోతే పోనీ. అవి పోతే ఆ జాగాలో ప్లాట్‌ఫారం వస్తాదట. పిక్నిక్ హాల్టు అని పేరు కూడా పెట్టేరు. బస్సు కంపెనీ వాళ్ళు రోడ్డు కూడా అడుగుతన్నారు. నువ్వు ఆపిన చోటే రేపు స్టేషనవుతాది, అది చాలదా?"

"ఆ స్టేషన్లో దిగి జనం ఏం చూస్తారు గురునాథం, మొద్దులా?" అన్నాను.

మా ఆయన లేచి వెళ్ళి కాగితం రాసుకొచ్చారు. నా జర్నల్‌లో ఫలానా కిలోమీటరు దగ్గర పశువులని రాసినదంతా తప్పు, అక్కడ పశువులు లేవు, బండిని నేనే ఆపాను, దయచేసి చెట్లు కొట్టవద్దు. కింద సంతకం. చదివి నాకు చూపించారు. మొదటి రోజు సంగతి అందులో లేదు. అది రాస్తే పై ఆఫీసు సాహెబ్‌కి జాలి కలుగుతుందేమో కదా అన్నాను.

"అది మనిద్దరిదీ, పాపదీ. ఆఫీసు ఫైల్లో ఎందుకు?" అన్నారు.

నా మొగుడంటే నాకు ఎంత ప్రేమో ఆ కాసేపట్లో తెలిసినంతగా ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఎప్పుడూ తెలియలేదు.

గురునాథం ఆ కాగితం ముట్టుకోలేదు. "నాకివ్వకన్నా. ఇచ్చినా లాభం లేదు. ఆర్డరు ఆపాల్సిన సాహెబ్ బిలాస్‌పూర్ వెళ్ళేరు, బుధవారం దాకా రారు. సోమవారం పొద్దునకి గొడ్డళ్ళు పడిపోతాయి. కూలీలు రేపు పదింటి బండికే వెళ్తన్నారు." నేల చూపులు చూస్తూ అన్నాడు. "నీ బండే."

ఆదివారం పొద్దున చర్చికి ఇద్దరం వెళ్ళాం. ప్రార్థనలో ఒక్క మాట ఎక్కలేదు. తొమ్మిదిన్నరకు స్టేషన్‌కి వచ్చేసరికి చిన్న లైను ప్లాట్‌ఫారం తిరణాలలా ఉంది. స్త్రీల సమాజం వాళ్ళు టిఫిన్లతో, పండరీ వాళ్ళు పరుపులతో, ఎవరో లౌడ్‌స్పీకరుతో. మూడో పెట్టెలో ఒక పక్కగా పన్నెండుమంది కూలీలు కూర్చున్నారు. రంపాలకు గోనెపట్టా చుట్టి సీట్ల కింద పెట్టారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. పనికి పొమ్మంటే పోతున్నారు. పిక్నిక్ పిల్లలు వాళ్ళ కాళ్ళ మధ్య దూరి ఆడుకుంటున్నారు.

"రత్నకుమారీ, రా, ఇక్కడ చోటుంది!" అని మా అన్నమ్మగారు కిటికీలోంచి పిలిచింది. స్త్రీల సమాజం ప్రెసిడెంటు. మొదటి పిక్నిక్‌కి వచ్చిన తొమ్మిదిమందిలో ఆమె ఒకతి. తల అడ్డంగా ఊపి అక్కడే నిలబడ్డాను.

మా ఆయన తెల్ల డ్రెస్ వేసుకున్నారు. ఇస్త్రీ నేనే చేశాను. నేరుగా స్టేషన్ మాస్టరు గదిలోకి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టారు. కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది. మాస్టరు చదివి వెనక్కి తోశారు. "యే మేరా కామ్ నహీ హై, నా పని కాదిది ప్రకాశం బాబూ. సాహెబ్ వచ్చాక ఇచ్చుకోండి. టైమైంది, బండి వదలండి."

పది గంటలైంది. గంట కొట్టారు. సిగ్నల్ పడింది. ముందునుంచి పరదేశి కూత వేశాడు. గార్డు పచ్చజెండా ఊపితే తప్ప బండి కదలకూడదు. మా ఆయన గార్డు డబ్బా పక్కన నిలబడ్డారు, రెండు జెండాలూ చుట్టి చంకలో పెట్టుకుని. పరదేశి మళ్ళీ కూత వేశాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

గురునాథం పరిగెత్తుకొచ్చాడు. "అన్నా! జెండా!"

"ఈ బండిలో రంపాలున్నాయి గురునాథం. అవి దిగితే బండి కదులుతుంది."

"అవి దింపే పవరు నాకెక్కడిదన్నా? కంట్రోలు ఆఫీసుకి ఏటని చెప్పమంటావు? కారణం అడుగుతారు!"

"కారణం నేనే అని చెప్పు." ఆయన జేబులోంచి జర్నల్ తీసి, గాల్లోనే పట్టుకుని రాశారు. రాసింది గురునాథానికి చూపించారు. రాయపూర్‌లో బండి ఆగింది, గార్డు ఆపాడు.

స్టేషన్ మాస్టరు ఫోనులో ఎవరికో గట్టిగా చెబుతున్నారు. నేను వెళ్ళి మా ఆయన పక్కన నిలబడ్డాను. జనంలో గొణుగుడు మొదలైంది. పిల్లలు ఆకలంటున్నారని ఒకరు, ఈయనకు పిచ్చెక్కిందని ఒకరు. అన్నమ్మగారు దిగొచ్చి ఏమైందమ్మా అంటే చెప్పాను. ఆవులు లేవు, ఎప్పుడూ లేవు, ఆ రోజు బండి ఆపింది మా ఆయన, ఆ చెట్లు రేపు పోతున్నాయి మన మూలంగా. ఆమె నా పక్కనే నిలబడిపోయింది. మళ్ళీ బండెక్కలేదు కూడా.

స్టేషన్ మాస్టరు బయటికొచ్చారు. మా ఆయన మొహం చూడలేక గోడ వైపు చూస్తూ చెప్పారు. "ప్రకాశం బాబూ, మిమ్మల్ని డ్యూటీ నుంచి దింపేయమన్నారు. ఇంకో గార్డుతో బండి వెంటనే వదలమన్నారు. స్పేర్ గార్డుకు కబురు పంపాను."

స్పేర్ గార్డు. ఈ వారం ఆ డ్యూటీ ఎవరిదో నాకు తెలుసు.

ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి జోసెఫ్ వస్తున్నాడు. కొత్త తెల్ల డ్రెస్, మెడలో విజిల్. పరిగెత్తి వచ్చినట్టున్నాడు, జుట్టు చెదిరిపోయి ఉంది. జనం దారిచ్చారు. వాడొచ్చి తండ్రి ఎదురుగా అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

మా ఆయన జెండాలు రెండూ వాడి చేతిలో పెట్టారు. జర్నల్ ఇచ్చారు. రూలు ప్రకారం ఇవ్వాల్సినవన్నీ వరసగా ఇచ్చారు. "బండి నీది జోసెఫ్. నీకేది సరే అనిపిస్తే అది చెయ్యి. నేనేమీ అనుకోను నాన్నా," అన్నారు. నిజంగానే అనుకోరని ఆ గొంతు చెబుతోంది. అందుకే నాకు మరీ భయమేసింది.

పరదేశి మూడోసారి కూత వేశాడు. సిగ్నల్ ఇంకా పడే ఉంది. మూడో పెట్టెలో కూలీలు లేచి నిలబడి తొంగి చూస్తున్నారు. స్టేషన్ మాస్టరు గడియారం చూస్తూ "జల్దీ బేటా, జల్దీ" అని తొందరపెడుతున్నారు.

జోసెఫ్ పచ్చజెండా విప్పాడు. విప్పి, పైకెత్తకుండా, తండ్రిని దాటి నా వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళ మీసాల మొగాడు. మొహం మాత్రం బడికి పోనని గుమ్మం పట్టుకు వేలాడిన నాటిదే.

"అమ్మా," అన్నాడు, "ఊపనా?"